సొంత చేతులతో మోడల్ కార్లు: విజయనగరంలో తరచుగా అడిగే ప్రశ్నలు

అంబాసిడర్, మారుతీ 800, షేర్ ఆటో, సాలూరు లారీ. మనం పెరిగింది ఈ బళ్ల మధ్య. బొమ్మల షాపులో ఫెరారీ, మస్టాంగ్ దొరికినంత సులువుగా ఇవి దొరకవు. దొరికినా చాలావరకు వెనక్కి లాగి వదిలే ప్లాస్టిక్ బొమ్మలే, కొలతలు కుదరవు. మన వీధిలో తిరిగిన బండి సరైన కొలతతో బల్లమీద నిలబడాలంటే మనమే చేసుకోవాలి. ఈ హాబీలోకి వద్దామనుకునేవాళ్లు, వచ్చి మధ్యలో ఆగిపోయినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

స్క్రాచ్ బిల్డ్ అంటే ఏమిటి? మోడిఫై చెయ్యడానికీ దీనికీ తేడా ఏమిటి?

కంపెనీ డబ్బాలో విడి భాగాలు ఇస్తే అతికించి రంగు వేసేది కిట్. టామియా లాంటి జపాన్ కంపెనీల 1:24 (అసలు బండిలో 24వ వంతు) కిట్లు ఇందులో పేరున్నవి. తయారైన బొమ్మకారును విప్పి, చక్రాలు మార్చి, ఎత్తు తగ్గించి, రంగు మార్చి మనకు కావలసినట్టు చేసుకుంటే అది మోడిఫికేషన్. రెండు మూడు కిట్ల భాగాలు కలిపి కొత్త బండి పుట్టిస్తే కిట్‌బాష్ అంటారు. షీటు, కర్ర, పుట్టీ, తీగ తీసుకుని బాడీ అంతా చేత్తో కట్టేదే స్క్రాచ్ బిల్డ్.

వీటి మధ్య గోడలేం లేవు. బాడీ మొత్తం సొంతంగా చేసి టైర్లు మాత్రం కొనేవాళ్లు చాలామంది. బాడీ ఆకారం మీ చేతిలోంచి వస్తే అది స్క్రాచ్ బిల్డే అని నా అభిప్రాయం.

ఏ స్కేలుతో మొదలుపెట్టాలి?

1:24. ఇందులో సందేహం అక్కర్లేదు. అసలు బండి మీద ఒక అడుగు మోడల్ మీద సరిగ్గా అర అంగుళం అవుతుంది, కాబట్టి దర్జీ టేపుతో కూడా లెక్క వేసుకోవచ్చు. అంబాసిడర్ ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు (దీన్నే వీల్‌బేస్ అంటారు) 97 అంగుళాలు. 24తో భాగిస్తే నాలుగు అంగుళాలకు రవ్వంత ఎక్కువ. పని చెయ్యడానికి చేతికి అందే సైజు, షోకేసులో పట్టే సైజు.

1:18లో వివరాలు బాగా చూపించవచ్చు. కానీ ఆ సైజులో డోరు లోపలి హ్యాండిల్ కూడా చెయ్యకపోతే వెలితిగా కనబడుతుంది. 1:43 రైలు బొమ్మల నుంచి వచ్చింది. ‘ఓ’ గేజ్ (O gauge) అనే సైజు బొమ్మ రైళ్ల పక్కన పెట్టడానికి చేసిన కార్ల నుంచి ఆ స్కేలు స్థిరపడింది. అందంగా ఉంటుంది, కానీ అందులో మారుతీ 800 పొడవు 78 మిల్లీమీటర్లే. కొత్త చేతికి కష్టం.

1:64 హాట్‌వీల్స్ సైజు అంటారు. నిజానికి హాట్‌వీల్స్ కార్లన్నీ ఒకే స్కేలులో ఉండవు. ఒకే అట్టముక్క ప్యాకెట్లో పట్టాలి కాబట్టి పెద్ద బండిని ఎక్కువ కుదిస్తారు, చిన్నబండిని తక్కువ కుదిస్తారు. వాటి పక్కన పెట్టడానికి మీరు ఏదైనా చేస్తుంటే ముందు ఆ కారు వీల్‌బేస్ కొలిచి అసలు స్కేలు ఎంతో తేల్చుకోండి.

కొలతలు ఎక్కడ దొరుకుతాయి?

ఈ హాబీలో సగం పని ఇదే. రంగు కాస్త అటూఇటూ అయినా కన్ను ఒప్పుకుంటుంది, కొలత తప్పితే ఒప్పుకోదు.

ముందు ఏ సంవత్సరం బండో తేల్చుకోండి. మారుతీ 800 అంటే ఒకటే అనుకుంటారు. 1983 డిసెంబరులో వచ్చిన మొదటి మోడల్ వేరు, 1986లో వచ్చింది వేరు. రెండోది కాస్త పొడుగు, ముందు ముఖం కూడా మారింది. మన వీధుల్లో ఎక్కువగా తిరిగింది రెండోదే. దాని పొడవు 3335 మిల్లీమీటర్లు, వెడల్పు 1440, ఎత్తు 1405, వీల్‌బేస్ 2175. 1:24లో ఇవి వరసగా 139, 60, 58.5, 90.6 అవుతాయి. అంబాసిడర్‌లో మార్కు (మార్క్ 1, మార్క్ 2 అని కంపెనీ పెట్టిన వెర్షన్) మారినప్పుడల్లా గ్రిల్లు మారింది, కాబట్టి ఫొటోలు చూసేటప్పుడు ఏ మార్కో రాసిపెట్టుకోండి.

పొడవు, వెడల్పు, ఎత్తు కంపెనీ కాగితాల్లో దొరుకుతాయి. అవి మూడే తెలిస్తే డబ్బా తయారవుతుంది, కారు కాదు. నేల నుంచి బానెట్ అంచు ఎంత ఎత్తు, అద్దం కింద అంచు ఎక్కడ మొదలవుతుంది, టాపు ఎక్కడ అన్నిటికంటే ఎత్తుగా ఉంది, వెనక అద్దం ఎంత వాలింది, చక్రాల గుంట బాడీలోకి ఎంత కోసుకుపోయింది? ఇవి బండి దగ్గరికి వెళ్లి టేపు పెట్టి కొలవాల్సిందే. బండివారిని అడగండి. "మీ కారు బొమ్మ చేస్తాను మావయ్యా, కాసేపు కొలుచుకుంటాను" అంటే కాదనేవారు అరుదు. చాలామంది టేపు రెండో చివర పట్టుకుంటారు కూడా.

ఫొటో తీసే పద్ధతి ఒకటుంది. బండికి దగ్గరగా నిలబడి ఫోన్‌తో తీస్తే ముందు భాగం ఉబ్బి, వెనక భాగం కుంచించుకుపోయి కనబడుతుంది. ఆ ఫొటో మీద గీసిన డ్రాయింగ్ ఎప్పటికీ కుదరదు. పది, పన్నెండు మీటర్లు వెనక్కి వెళ్లి, డోరు హ్యాండిల్ ఎత్తులో కెమెరా పట్టుకుని, జూమ్ చేసి తియ్యండి. పక్క నుంచి ఒకటి, ఎదురుగా ఒకటి, వెనక నుంచి ఒకటి, ఏదైనా మేడ మీద నుంచి టాపు కనబడేలా ఒకటి. పక్క ఫొటోను కంప్యూటర్లో పెట్టి, రెండు చక్రాల మధ్య దూరం 90.6 మిల్లీమీటర్లు వచ్చేలా సైజు మార్చి ప్రింటు తీస్తే మీ డ్రాయింగ్ సిద్ధం. దాని మీద పొడవు కొలిచి చూడండి. 139కి దగ్గరగా వస్తే ఫొటో బాగున్నట్టు, 145 వస్తే దగ్గర నుంచి తీసినట్టు.

ఇంకో మాట. అంబాసిడర్ తయారీ ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మేలో ఆగిపోయింది. మారుతీ 800 కూడా ఆ ఏడాది జనవరిలోనే ఆగింది. షెడ్లలో దుమ్ము పట్టినవి ఒక్కొక్కటిగా ఇనపసామాను కొట్టుకు పోతున్నాయి. మోడల్ ఎప్పుడు చేస్తారో తర్వాత సంగతి, కొలతలు మాత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి.

సామాను విజయనగరంలో దొరుకుతుందా, అన్నీ ఆన్‌లైన్‌లోనే కొనాలా?

చాలావరకు ఇక్కడే దొరుకుతుంది. అడగవలసిన షాపు వేరే, అంతే. హాబీ షాపు కోసం వెతికితే ఊళ్లో ఏమీ లేదనిపిస్తుంది.

ఫ్లెక్సీలు వేసే షాపులో సన్‌బోర్డు అనే తేలికైన ప్లాస్టిక్ పలక ఉంటుంది. బోర్డులు కోసిన తర్వాత మిగిలిన ముక్కలు మూలన పడి ఉంటాయి, అడిగితే తక్కువకే ఇస్తారు. కార్లకు పెయింటు అమ్మే షాపులో వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం), ఎన్‌సీ పుట్టీ, ప్రైమర్, థిన్నర్, స్ప్రే డబ్బాలు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. వాటర్ పేపర్ 220, 400, 800, 1500 నంబర్లు తలో రెండు షీట్లు తెచ్చుకుంటే చాలాకాలం వస్తాయి. ఏసీ మెకానిక్కులు వాడే అల్యూమినియం టేపు క్రోమ్ బంపరుకీ, కిటికీల చుట్టూ మెరిసే పట్టీకీ పనికొస్తుంది. మందుల షాపులో సిరంజి సూది కొని, మొన కోసేసి, సైలెన్సర్ గొట్టం చేసుకోవచ్చు. స్టేప్లర్ పిన్నులు వైపర్లకు సరిగ్గా సరిపోతాయి. ఫ్యాన్సీ షాపులో జాకెట్లకు కుట్టే, అడుగు చదునుగా ఉండే రాళ్లు హెడ్‌లైట్లకు. అంబాసిడర్ హెడ్‌లైటు 7 అంగుళాలది, అంటే 1:24లో 7.4 మిల్లీమీటర్లు. 7 మిల్లీమీటర్ల తెల్లరాయి తెచ్చి చుట్టూ తీగతో రింగు కడితే సరి.

బయట నుంచి తెప్పించుకోవాల్సినవి కొన్నే. తెల్ల పాలీస్టైరీన్ (పొట్టిగా స్టైరీన్) ప్లాస్టిక్ షీట్లు 0.5, 1 మిల్లీమీటరు మందంలో, వాటిని అతికించే పల్చటి ప్లాస్టిక్ సిమెంటు, చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు, సన్న ఆకురాళ్ల సెట్టు. డిజిటల్ వెర్నియర్ కాలిపర్ కూడా కొనండి. ఇది ఖర్చు కాదు, లేకపోతే పని నడవదు.

సన్‌బోర్డుతోనే మొత్తం కారు చెయ్యొచ్చా? స్టైరీన్ ఎందుకు?

మందం సంగతి చూడండి. 3 మిల్లీమీటర్ల సన్‌బోర్డు 1:24లో అసలు బండి మీద 72 మిల్లీమీటర్ల మందానికి సమానం. అంత లావు డోరు ఏ కారుకూ ఉండదు. లోపల దాగిపోయే అస్థిపంజరానికి, ఫ్లోరుకి సన్‌బోర్డు బాగుంటుంది. కంటికి కనబడే అంచులన్నీ సన్నటి స్టైరీన్‌తోనే రావాలి. స్టైరీన్ గీత కొట్టి వంచితే శుభ్రంగా విరుగుతుంది, సిమెంటు రాస్తే రెండు ముక్కలూ కరిగి ఒకటవుతాయి. సన్‌బోర్డు పీవీసీ కాబట్టి దానికి ఆ సిమెంటు అంత బాగా పట్టదు. ఫెవిక్విక్ గానీ ఆరల్డైట్ గానీ వాడాలి. థర్మాకోల్ జోలికి వెళ్లొద్దు, స్ప్రే తగిలితే కరిగిపోతుంది.

బాడీ కట్టడం ఎలా మొదలుపెట్టాలి?

రెండు దారులున్నాయి. ఒకటి ముక్కలు పేర్చి కట్టడం, రెండోది దిమ్మను చెక్కడం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. చెక్కడం వచ్చినవాళ్లకు రెండో దారి సుఖం. మిగతావాళ్లకు మొదటిదే మేలు, ఎందుకంటే చెక్కింది తిరిగి అతుక్కోదు, కట్టింది మాత్రం సరిచేసుకోవచ్చు.

ప్రింటు తీసిన పక్క డ్రాయింగును సన్‌బోర్డు మీద అతికించి, ఆ ఆకారంలో నడిమి ముక్క కోయండి. ఇది కారును నిలువునా రెండుగా చీల్చితే కనబడే గీత. దానికి అడ్డంగా, ముందు బంపరు నుంచి వెనక దాకా ఆరేడు చోట్ల అడ్డ ముక్కలు నిలబెట్టాలి. రేడియేటర్ దగ్గర ఒకటి, అద్దం కింద ఒకటి, డోరు స్తంభం దగ్గర ఒకటి, ఇలా. అసలు కారు ఆకారం ఈ అడ్డ ముక్కల్లోనే ఉంటుంది. ఇక్కడే చాలామంది మోడళ్లు డబ్బాలా అయిపోతాయి. ఎదురుగా నిలబడి మారుతీ 800ని చూడండి. నడుము దగ్గర వెడల్పు, పైకి వెళ్లేకొద్దీ కిటికీలు లోపలికి వాలతాయి. బానెట్ బల్లపరుపుగా కనబడినా మధ్యలో కొద్దిగా ఉబ్బు ఉంటుంది. టాపు కూడా అంతే. ఆ ఉబ్బు మోడల్ మీద ఒక మిల్లీమీటరుకు అటూఇటూగా ఉంటుంది, అయినా అది లేకపోతే బండికి ప్రాణం ఉండదు.

అడ్డ ముక్కల మీద 0.5 మిల్లీమీటర్ల స్టైరీన్ పట్టీలు చర్మంలా కప్పండి. రెండువైపులా వంగే చోట్ల, అంటే మడ్‌గార్డు భుజాలు, టాపు మూలలు, పట్టీ వంగదు. అక్కడ ముక్కల మధ్య పుట్టీ నింపాలి. లోతుగా ఉన్నచోట ఎం-సీల్, పైపైన గీతలకు ఎన్‌సీ పుట్టీ. ఎన్‌సీ పుట్టీ లావుగా రాస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది, వారం తర్వాత కుంగి గుంట పడుతుంది. పల్చగా రాసి, ఆరనిచ్చి, మళ్లీ రాయాలి.

తర్వాత రుద్దుడు. వేలితో వాటర్ పేపర్ పట్టుకుని రుద్దితే వేలి ఆకారంలో గాడి పడుతుంది. చదునైన కర్రముక్కకు చుట్టి, నీళ్లలో ముంచి, ఏటవాలుగా రుద్దండి. ఒక పూత ప్రైమర్ కొట్టి, చీకటి గదిలో ట్యూబులైటు కింద మోడల్‌ను మెల్లగా తిప్పండి. టాపు మీద లైటు గీత తిన్నగా జారుతూ పోవాలి. ఎక్కడ వంకర తిరిగిందో అక్కడ గుంటో గుబ్బో ఉన్నట్టు. పెన్సిల్‌తో గుర్తు పెట్టి మళ్లీ పుట్టీ. టింకరింగ్ షెడ్డులో పెద్ద కార్లకు చేసేది కూడా ఇదే. తీరిక ఉన్నప్పుడు వెళ్లి ఒక మంచి పనివాడు డోరును అరచేత్తో తడిమి ఎత్తుపల్లాలు పట్టే తీరు చూడండి. ఏ వీడియో నేర్పనంత నేర్చుకుంటారు.

డోరు గీతలు చివర్లో గియ్యాలి. అసలు కారులో డోరు సందు 5 మిల్లీమీటర్లుంటే మోడల్‌లో అది 0.2 మాత్రమే. లావు గీత గీస్తే వెంటనే బొమ్మ అయిపోతుంది. కట్టర్ బ్లేడు వీపు వైపుతో, మందపాటి టేపు అంచున, బలం పెట్టకుండా పదిసార్లు లాగండి. రంగు పడితే గీత కొంత పూడిపోతుంది కాబట్టి వెడల్పు పెంచకుండా లోతు పెంచాలి.

కిటికీ అద్దాలకు ఏం వాడాలి?

చదునైన వాటికి ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు). వంపు ఉన్న ముందు అద్దానికి కూల్‌డ్రింకు సీసా పనికొస్తుంది. అద్దం ఆకారంలో కర్రదిమ్మ చెక్కి, సీసాలో పెట్టి, హీట్ గన్‌తో వేడి చేస్తే ప్లాస్టిక్ కుంచించుకుని దిమ్మకు అంటుకుంటుంది. చల్లారాక కోసుకోవడమే. అద్దాలను ఫెవిక్విక్‌తో అతికించొద్దు. దాని ఆవిరికి అద్దం మీద తెల్లటి పొగ పడుతుంది, అది పోదు. ఆరాక పారదర్శకంగా ఉండే తెల్ల గమ్ము వాడండి.

చక్రాలు, టైర్లు ఎలా?

టైరు పక్కన రాసి ఉండే నంబర్లలోనే సైజంతా ఉంటుంది. మారుతీ 800ది 145/70 ఆర్12. రిమ్ము 12 అంగుళాలు, అంటే 304.8 మిల్లీమీటర్లు. టైరు గోడ ఎత్తు 145లో 70 శాతం, 101.5. అది పైనా కిందా ఉంటుంది కాబట్టి మొత్తం 508 దాకా వస్తుంది. 24తో భాగిస్తే 21.2. ఆటో టైరు 4.00-8 అయితే రిమ్ము 8 అంగుళాలు, మోడల్‌లో 8.5 మిల్లీమీటర్లు. కారు మోడల్ తేడాగా ఉంది కానీ ఎక్కడో తెలియట్లేదు అనేవాళ్లు ముందు టైర్లు కొలవండి. ఎక్కువసార్లు అవి పెద్దవై ఉంటాయి.

చేసుకోవడానికి మంచి దారి లేతు మిషను. నైలాన్ కడ్డీ తీసుకెళ్లి కాగితం మీద కొలతలు చూపిస్తే చేసి ఇస్తారు. "ఏటి బాబూ, గడియారం చక్రాలా ఇవి?" అని ఆశ్చర్యపోతారు, తర్వాత వాళ్లకే సరదా పుడుతుంది. ఒక్క చక్రం బాగా చేయించుకుంటే చాలు. ఆర్‌టీవీ సిలికాన్‌తో (మామూలు వేడిలోనే రబ్బరులా గట్టిపడేది) దానికి అచ్చు తీసి, రెజిన్ (గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) పోసి మిగతా మూడూ, స్టెప్నీతో కలిపి నాలుగు, పోత పోసుకోవచ్చు. రెజిన్ మెల్లగా, సన్నటి ధారగా, ఒక మూల నుంచే పొయ్యండి. గాలిబుడగలు తగ్గుతాయి.

హాట్‌వీల్స్ కారు విప్పి చక్రాలు మార్చాలి. ఎలా?

అడుగున రెండు గుండ్రటి రివెట్లుంటాయి. వాటి నడిమధ్య మేకుతో చిన్న గుంట కొట్టి, 3 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో మెల్లగా తల మాత్రమే తీసెయ్యండి. తల పోగానే అడుగు ఊడి వస్తుంది. లోతుగా దిగితే స్తంభం పాడవుతుంది. తర్వాత ఆ స్తంభంలో 1.6 మిల్లీమీటర్ల రంధ్రం చేసి 2 మిల్లీమీటర్ల స్క్రూకు (ఎం2) మర తిప్పితే, ఎన్నిసార్లయినా స్క్రూతో విప్పి బిగించుకోవచ్చు.

పాత రంగు తియ్యడానికి పెయింట్ రిమూవర్ ఉంది. గ్లవ్స్ తప్పనిసరి, ఆరుబయటే చెయ్యాలి. ప్లాస్టిక్ భాగాలకు తగలనివ్వకండి. బాడీ జింకు మిశ్రమం, కాబట్టి టంకం పెట్టి అతికించే ప్రయత్నం వద్దు. కోసి కలిపేచోట లోపల రాగితీగ అడ్డంగా పెట్టి ఆరల్డైట్ పొయ్యండి, గట్టిగా ఉంటుంది. ఎత్తు తగ్గించేటప్పుడు టైరు మడ్‌గార్డు కిందికి ఎంత వెళ్తుందో చూసుకోండి. మరీ నేలకు అంటిస్తే అందం అనుకుంటారు చాలామంది, నాకు మాత్రం చక్రం తిరగని కారు నచ్చదు.

పెయింటు కొడితే తెల్లగా మసక పడుతోంది. ఎందుకు?

గాలిలో తేమ. లాకర్ (lacquer) రకం పెయింటు వేగంగా ఆరుతూ పైపొరను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ పెయింటు మీద చేరి తెల్లటి పొర కడుతుంది. సముద్రం దగ్గరున్న మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో జూన్ నుంచి నవంబరు దాకా ఈ బాధ తప్పదు. పై పూతలు ఆ రోజుల్లో పెట్టుకోవద్దు. దసరా వెళ్లి, పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగి, తుఫానుల టెన్షన్ తగ్గాక, ధనుర్మాసం ముగ్గుల రోజుల్లో మంచు విడిచిన తర్వాత పది, పదకొండు గంటల వేళ కొట్టండి. ఎండ ఉంటుంది, ఉక్కపోత ఉండదు. వానాకాలం కొలతలకీ, కట్టడానికీ, రుద్దడానికీ వాడుకోవచ్చు. అప్పటికే తెల్లబడి ఉంటే, పొడి రోజున సన్నగా థిన్నర్ పొగలా కొడితే చాలావరకు తేరుకుంటుంది.

స్టైరీన్ మీద కారు పెయింటు నేరుగా తడిసేలా కొడితే థిన్నర్ దాన్ని తినేస్తుంది, ఉపరితలం పగిలినట్టవుతుంది. మొదటి రెండు పూతలు దూరం నుంచి దుమ్ము పడినట్టు ఉండాలి. లాకర్ మీద ఎనామెల్ వెయ్యొచ్చు, ఎనామెల్ మీద లాకర్ వేస్తే ముడతలు పడుతుంది. రంగు విషయంలో ఒక చిట్కా: అసలు బండి రంగును ఉన్నదున్నట్టు కొడితే చిన్న మోడల్ మీద ముదురుగా కనబడుతుంది, కాస్త తెలుపు కలపాలి. మెటాలిక్ పెయింటులో రేణువులు మోడల్ మీద గులకరాళ్లంత కనబడతాయి, సన్న రేణువు ఉన్నదే వెతుక్కోండి.

మాస్క్ వేసుకుంటే చాలా?

గుడ్డ మాస్క్ దుమ్మును కొంత ఆపుతుంది, థిన్నర్ ఆవిరిని ఆపదు. స్ప్రేకి కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. గట్టిపరిచే హార్డెనర్ కలిపి కొట్టే టూ-కే (2K) పెయింట్లలో ఐసోసయనేట్లు ఉంటాయి, ఆస్తమా తెప్పించగలవు. వాటిని ఇంట్లో కొట్టకండి, షెడ్డులో కొట్టించుకోండి. పుట్టీ, రెజిన్ ఎప్పుడూ తడిపే రుద్దాలి. ఆక్రిలిక్ షాపుల్లో క్లోరోఫామ్‌తో అతికిస్తారు, అది ఇంటికి తెచ్చుకోవద్దు.

ఫెవిక్విక్ మీద వంట సోడా చల్లితే గట్టిపడుతుందట, నిజమేనా?

నిజం. వెంటనే రాయిలా అవుతుంది, సందులు పూడ్చడానికి బాగుంటుంది. వేడి, ఘాటు ఆవిరి వస్తాయి, ముఖం దూరంగా పెట్టుకోండి. చుట్టూ ఉన్న స్టైరీన్ కంటే గట్టిగా ఉంటుంది కాబట్టి గంట ఆగకుండా వెంటనే రుద్దెయ్యాలి.

నంబర్ ప్లేటు ఎలా చెయ్యాలి?

కారు ప్లేటు 500 × 120 మిల్లీమీటర్లు, 1:24లో దాదాపు 21 × 5. లారీకి 340 × 200, అంటే 14 × 8. విజయనగరం బండికి ఏపీ 35, శ్రీకాకుళం బండికి ఏపీ 30. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 వచ్చింది, కాబట్టి అంబాసిడర్‌కి ఏపీ 39 పెడితే చూసినవాళ్లు పట్టేస్తారు. కొత్త బండయితే ప్లేటు మీద నీలం రంగులో ఐఎన్‌డీ అక్షరాలు, హోలోగ్రామ్ ఉంటాయి. ఎవరి బండి నంబరో అలాగే పెట్టకండి, మీ సొంత బండి అయితే తప్ప. ఫొటో పేపరు మీద లేజర్ ప్రింటు తీసి, వెనక పొర ఒలిచి పల్చన చేసి అతికిస్తే మందం కనబడదు.

కారు కాకుండా లారీ మొదలుపెట్టొచ్చా?

తప్పకుండా. ఒక రకంగా లారీయే సులువు. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది గానీ, మనకు గంటన్నర, రెండు గంటల దూరమే. అక్కడ బాడీలు కట్టే చోట కాసేపు నిలబడితే చాసిస్ మీద కర్ర దూలాలు ఎలా కూర్చుంటాయో, బోల్టులు ఎక్కడ పడతాయో కళ్లారా కనబడుతుంది. మోడల్‌కూ అదే వరసలో కట్టండి. అసలు బండికి కర్ర ఉన్నచోట కర్రే వాడండి, ఐస్‌క్రీం పుల్లలు 1:24లో పలకలకు బాగా నప్పుతాయి. వంపులు తక్కువ కాబట్టి పుట్టీ పని తక్కువ.

కష్టమంతా బొమ్మలు, అక్షరాల్లో ఉంది. వెనక డాలా మీద రాసిన రాతలు, కేబిన్ నుదుటి మీద పేరు, పక్కల పూలతీగలు చేత్తో రాసినవే. కంప్యూటర్ ఫాంటుతో స్టిక్కర్ వేస్తే లారీ చచ్చిపోతుంది. అసలు రాతను ఫొటో తీసి కుదించి ప్రింటు చెయ్యండి, లేదా సున్నా నంబరు బ్రష్షుతో మీరే రాయండి.

3డి ప్రింటర్‌తో చేస్తే అది స్క్రాచ్ బిల్డ్ అవుతుందా?

బొమ్మను కంప్యూటర్లో మీరే గీస్తే అవుతుందనే అంటాను. ఎవరో పెట్టిన ఫైలు దింపుకుని ప్రింటు తీస్తే అది కిట్. గ్రిల్లు, స్టీరింగు, చక్రాల కప్పుల లాంటి చిన్న భాగాలకు రెజిన్ ప్రింటర్ చాలా మంచి పనిముట్టు. బాడీకి మాత్రం ముందు ఒక్కటైనా చేత్తో కట్టండి. టాపు ఉబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలికి తెలిశాక గీసిన బొమ్మకూ, తెలియకుండా గీసినదానికీ తేడా కనబడుతుంది.

ఎంతకాలం పడుతుంది? ఖర్చు?

ఆదివారాలు మాత్రమే కూర్చుంటే మొదటి స్క్రాచ్ బిల్డ్‌కు నెలలు పడుతుంది. హాట్‌వీల్స్ చక్రాలు మార్చడం ఒక సాయంత్రం పని. ఖర్చులో ఎక్కువ భాగం మొదట్లో పనిముట్లకే, తర్వాత సామానుకు పెద్దగా కాదు.

పిల్లలతో చేయించొచ్చా?

అట్టతో, ఐస్‌క్రీం పుల్లలతో, తెల్ల గమ్ముతో హాయిగా. కొలిచి 24తో భాగించే పని వాళ్లకే ఇవ్వండి, లెక్కలు ఇష్టంగా చేస్తారు. బ్లేడు, స్ప్రే, ఫెవిక్విక్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

"ఇంత వయసొచ్చి బొమ్మకార్లేంటి" అంటారు ఇంట్లో. ఏం చెప్పాలి?

అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన ఫిషర్ బాడీ 1930 నుంచి 1968 దాకా కుర్రాళ్లకు మోడల్ పోటీలు పెట్టింది. మొదట్లో రాజుల కాలం నాటి గుర్రబ్బండి చెయ్యాలి, తర్వాత సొంతంగా ఊహించిన కారు 1:12 స్కేలులో. గెలిచినవాళ్లకు కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్పులు ఇచ్చారు, వాళ్లలో చాలామంది కార్ల డిజైనర్లయ్యారు. ఈనాటికీ పెద్ద కంపెనీలు కొత్త కారు ఆకారాన్ని మట్టితో చేసి చూసుకుంటాయి. ఈ సంగతి చెప్పండి. అయినా అన్నిటికంటే బాగా పనిచేసేది వేరే ఉంది: మొదటి మోడల్‌గా ఇంట్లో ఒకప్పుడు ఉన్న బండి చెయ్యండి. నాన్నగారు నడిపిన ప్రీమియర్ పద్మినీ, తాతగారి జీపు, ఏదైనా. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు.

చేసిన మోడళ్లు ఎలా దాచుకోవాలి?

గాజు తలుపులున్న బీరువాలో, నేరుగా ఎండ తగలని గోడకు. లోపల సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారే రకమైతే అప్పుడప్పుడు వేడి చేసి మళ్లీ వాడుకోండి. మెత్తటి వినైల్ టైర్లున్న మోడల్ ఏళ్ల తరబడి అలాగే ఉంటే టైరులోని నూనె లాంటి పదార్థం స్టైరీన్ రిమ్మును కరిగిస్తుంది. రెండింటి మధ్య పెయింటు గానీ సన్నటి అల్యూమినియం టేపు గానీ అడ్డం ఉండాలి. పాత డైకాస్ట్ (లోహం పోత పోసిన) బొమ్మలు కొన్నింటికి జింకు చీడ పడుతుంది. పోతలో సీసం లాంటి మలినం కలిసినవి తేమకు లోపలి నుంచి పగిలి, ఉబ్బి, పొడిగా రాలిపోతాయి. దానికి మందు లేదు. పగుళ్లు కనబడగానే ఆ బొమ్మకు అచ్చు తీసి పెట్టుకోండి. అసలు బండి పోయినా ఆకారం మిగులుతుంది, రెజిన్‌లో మళ్లీ పోసుకోవచ్చు.